పసుపు డబ్బా పేస్ట్ పక్కన పెట్టండి: చిన్న రిపేర్లకు చవకైన ఫ్లక్స్ ఏది?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ. డిప్లొమా ఈసీఈ చదువుతూ ఇంట్లోనే ఎల్‌ఈడీ బల్బులు, రిమోట్లు, మొబైల్ ఛార్జర్లు బాగుచేస్తున్నారు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంది. వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో కొన్న చిన్న పసుపు రేకు డబ్బా పేస్ట్‌ను ఫ్లక్స్‌గా, అంటే అతుకు పట్టడానికి పూసే మందుగా వాడారు. మూడు నెలలకే రెండు బల్బులు వెనక్కి వచ్చాయి, విప్పి చూస్తే జాయింట్ల చుట్టూ ఆకుపచ్చగా పేరుకుని ఉంది. ఆన్‌లైన్‌లో సిరంజి ఫ్లక్స్ ధరలు వెయ్యి పైన కనిపిస్తున్నాయి, మీ దగ్గర ఉన్నది ఐదు వందలు. అందులో ఏది కొనాలన్నది ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ ఐదు వందల్లో ఎక్కువ భాగం మంచి లెడ్ వైరు మీద పెట్టండి (షాపుల్లో సోల్డర్‌నే లెడ్ అంటాం, ఒట్టి సీసం కాదు). మిగిలినదాంతో ఒక రోజిన్ గడ్డ, ఒక చిన్న సీసా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనండి. ఫ్లక్స్ మీరే కలుపుకోండి. మీరు చెప్పిన పనులకు అది చాలు. సిరంజి జెల్ ఎప్పుడు కావాలో కింద చెబుతాను, ఇప్పుడైతే అక్కర్లేదు.

నాది కాకినాడలో టీవీ, ఆంప్లిఫయర్ రిపేర్ షాపు. ముప్పై ఏళ్ళు దాటింది. సముద్రం పక్క ఊరు కాబట్టి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. ఇక్కడ తప్పు ఫ్లక్స్ వాడితే శిక్ష త్వరగా పడుతుంది. మీకు మూడు నెలలు పట్టింది, నాకు ఒకసారి వినాయక చవితి నుంచి దీపావళి లోపే పట్టింది. అప్పట్లో షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు ఒక మైక్ సెట్ ఆంప్లిఫయర్‌లో ఇన్‌పుట్ జాక్ ఊడిపోతే దాన్ని అతికాడు. జాక్ కాలు పాతబడి నల్లగా ఉంది, లెడ్ పట్టలేదు. పక్క షాపు నుంచి పేస్ట్ తెచ్చి పూశాడు, వెంటనే పట్టేసింది. నేను కూడా చూసి బాగుందన్నాను, తుడిచావా అని అడగలేదు. చవితి పందిళ్ళన్నీ అయిపోయాక ఆ సెట్ మళ్ళీ వచ్చింది, గుయ్యిమని హమ్మింగ్. బోర్డు తిప్పి చూస్తే జాక్ చుట్టూ పచ్చటి పొడి. దాన్ని బ్రష్‌తో రాలిస్తే కింద రాగి ట్రాక్ లేదు. తినేసింది. వెంట్రుకంత సందు మిగిలింది. కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, చూసి ఊరుకున్నది నేనే.

ఎందుకలా అయిందో మీ ఇంట్లోనే ఉదాహరణ ఉంది. చిలుము పట్టిన రాగి చెంబును చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది. చింతపండులోని పులుపు, అంటే ఆమ్లం, పైన ఉన్న మసక పొరను కరిగించేస్తుంది. కానీ తోమిన చెంబును కడగకుండా ఆ గుజ్జుతోనే వదిలేసి మర్నాడు చూడండి, మొదటికంటే ఘోరంగా పచ్చబడి ఉంటుంది. ఫ్లక్స్ చేసేదీ ఇదే. రాగి మీద, కాంపొనెంట్ కాలి మీద గాలి తగిలి ఏర్పడిన ఆక్సైడ్ పొర ఉంటుంది. వేడి చేస్తే అది ఇంకా పెరుగుతుంది. ఆ పొర ఉన్నంతసేపు కరిగిన లెడ్ తామరాకు మీద నీటిబొట్టులా దొర్లుతుందే గాని పట్టుకోదు. ఫ్లక్స్ పొరను కరిగించి, లెడ్ పారేదాకా మళ్ళీ గాలి తగలకుండా కప్పి ఉంచుతుంది. కాబట్టి ఆమ్లం లేని ఫ్లక్స్ ఉండదు. పని అయిపోయాక ఆ ఆమ్లం ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. చవకా ఖరీదా అన్నది తేలేది కూడా అక్కడే.

రోజిన్ ఇక్కడే గెలుస్తుంది. ఇది పైన్ చెట్టు జిగురు నుంచి వస్తుంది. హిమాలయ రాష్ట్రాల్లో చీర్ పైన్ చెట్లకు గాటు పెట్టి జిగురు పడతారు. దాన్ని కాచి టర్పెంటైన్‌ను ఆవిరిగా తీసేస్తే అడుగున మిగిలే తేనెరంగు గాజులాంటి గడ్డే రోజిన్. హిమాచల్ ప్రదేశ్‌లో నాహన్, బిలాస్‌పూర్‌లలో ప్రభుత్వ అటవీ సంస్థకు దీని ఫ్యాక్టరీలు ఉన్నాయి. అంటే ఇది విదేశీ సరుకేమీ కాదు. ఇందులో ఎక్కువగా ఉండేది అబీటిక్ ఆమ్లం. రోజిన్ 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఇంకా వేడెక్కితే నీళ్ళలా పారి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది. 60/40 లెడ్ (60 శాతం తగరం, 40 శాతం సీసం) కరిగేది 183 నుంచి 190 డిగ్రీల మధ్య. అంటే లెడ్ కరిగే సమయానికి రోజిన్ తన పని మొదలుపెట్టేసి ఉంటుంది. చల్లారాక మళ్ళీ గాజులా గడ్డకట్టి, మిగిలిన ఆమ్లాన్ని తనలోనే బంధించేస్తుంది. తేమను రానివ్వదు, కరెంటు పోనివ్వదు. పాత వాల్వ్ రేడియోలు విప్పితే జాయింట్ల మీద ఎర్రటి రోజిన్ ముద్దలు అలాగే ఉంటాయి, కింద రాగికి ఏమీ కాదు. నేను చాలా చూశాను.

ఇక మీ పసుపు డబ్బా. ఆ డబ్బాలన్నీ చెడ్డవి అనను. కొన్నింటిలో వాజలిన్‌లాంటి జిడ్డులో రోజిన్ కలిపి ఉంటుంది, అవి జిడ్డు తప్ప పెద్ద హాని చేయవు. కొన్నింటిలో జింక్ క్లోరైడ్, అమ్మోనియం క్లోరైడ్ ఉంటాయి. అమ్మోనియం క్లోరైడ్ అంటే మరేదో కాదు, నవాసారం. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు గిన్నెను కాల్చి నవాసారం చల్లి, తగరం రుద్దుతారు చూడండి, అదే. గిన్నెకు, రేకు పనికి అది సరైన మందు. కళాయి అయ్యాక గిన్నెను కడుగుతారు కాబట్టి బాధ లేదు. బోర్డును ఎవరు కడుగుతారు? ఆ లవణాలు గాలిలో తేమను పీల్చుకుంటాయి, తడిసి కరెంటును పోనిస్తాయి, రాగిని తింటూనే ఉంటాయి. రోజిన్‌లా గడ్డకట్టి నిద్రపోవు. డబ్బా మీద ఏమి కలిపారో రాసి ఉండదు కాబట్టి మీ డబ్బా ఏ రకమో చూసి చెప్పలేం. ప్లంబింగ్ సామాన్ల షాపులో రాగి పైపులకు అమ్మే ఫ్లక్స్ అయితే అనుమానమే అక్కర్లేదు, బోర్డు దరిదాపులకు రానివ్వకండి.

డబ్బా ఏ రకమో తెలుసుకోవాలంటే ఒక పరీక్ష ఉంది. ఖర్చు సున్నా. రాగి వైరు పై తొడుగు తీసి, లేదా పాత కాపర్ క్లాడ్ బోర్డు ముక్క తీసుకుని, పెన్సిల్ రబ్బరుతో మెరిసేదాకా రుద్దండి. పక్కపక్కనే మూడు చోట్ల మూడు రకాల ఫ్లక్స్ పూయండి. ఐరన్‌తో ఒక్కొక్క చోట కాస్త లెడ్ కరిగించి వదలండి. తుడవకండి. ఆ ముక్కను బాత్‌రూమ్ కిటికీలో వారం, పది రోజులు ఉంచండి. వర్షాకాలమైతే ఇంకా మంచిది. ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. ఇక్కడ చాలామంది పొరబడతారు: రోజిన్ పూసిన చోట కూడా ఒక్కోసారి లేత ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. అది రాగి అబీటేట్, రోజిన్‌లో కరిగిన కొద్దిపాటి రాగి రంగు అంతే, హాని లేదు. తుడిస్తే పోయి కింద రాగి శుభ్రంగా ఉంటుంది. చిలుము అయితే అలా ఉండదు, తుడిచాక కూడా రాగి నల్లగా, గుంటలు పడి, గరుకుగా ఉంటుంది. రంగు చూసి కాదు, తుడిచాక కింద ఏముందో చూసి తేల్చుకోండి. నేను ఒక జూలైలో షాపులో దొరికిన ఐదు రకాలు ఇలాగే పెట్టాను. రెండు డబ్బాలు అదే రోజు చెత్తబుట్టలోకి వెళ్ళాయి.

ఇప్పుడు లెడ్ సంగతి. ఫ్లక్స్ అడిగితే లెడ్ గురించి చెబుతున్నాడేమిటి అనుకోవద్దు. మంచి సోల్డర్ వైరు లోపల సన్నటి గొట్టంలా ఫ్లక్స్ ఉంటుంది, బరువులో సుమారు 2 శాతం. చిన్న రిపేర్లలో ముప్పాతిక వంతు జాయింట్లకు ఆ ఫ్లక్సే చాలు, విడిగా ఏమీ పూయక్కర్లేదు. మీకు అది చాలడం లేదంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, మీ వైరు నాసిరకం. చవక వైరులో తగరం తక్కువ, సీసం ఎక్కువ, లోపల ఫ్లక్స్ అక్కడక్కడ ఖాళీ. కరిగిస్తే మెరవదు, బూడిదరంగులో ముద్ద కడుతుంది. రెండోది మన చేతి అలవాటు: లెడ్‌ను ముందు బిట్ (ఐరన్ మొన) మీద కరిగించుకుని, ఆ బొట్టును మోసుకెళ్ళి జాయింట్‌కు అంటించడం. బిట్ మీదే ఫ్లక్స్ అంతా పొగై పోతుంది, జాయింట్ చేరేసరికి ఒట్టి లోహం మిగులుతుంది. అప్పుడు పట్టదు, పట్టలేదని పేస్ట్ డబ్బా మూత తీస్తాం. బిట్‌ను బోర్డు మీది రాగి ప్యాడ్‌కు, కాంపొనెంట్ కాలికి రెండింటికీ ఆనించి ఒక సెకను ఆగి, వైరును అవతలి పక్క నుంచి అందించండి. లెడ్ తనంతట తానే వేడి వైపు పారుతుంది. ఈ ఒక్క అలవాటు మారితే మీ ఫ్లక్స్ ఖర్చు సగం పోతుంది.

కొనేటప్పుడు 63/37 లేదా 60/40 అడగండి, మందం 0.8 మిల్లీమీటరు, చిన్న పనికి 0.5 అయితే ఇంకా హాయి. 63/37 ఖచ్చితంగా 183 డిగ్రీల దగ్గర ఒకేసారి కరుగుతుంది, ఒకేసారి గడ్డకడుతుంది, మధ్యలో చేయి కదిలి డ్రై సోల్డర్ (సరిగ్గా పట్టని జాయింట్) అయ్యే అవకాశం తక్కువ. అరకిలో రీలు అక్కర్లేదు, 50 గ్రాములు మీకు నెలలు వస్తుంది. సీసం లేని లెడ్ ఇప్పుడే జోలికి పోకండి, అది 217 నుంచి 227 డిగ్రీల దాకా కావాలంటుంది, మీ ఐరన్‌తో చిరాకు. మీరు విప్పే కొత్త బోర్డుల్లో మాత్రం అదే ఉంటుంది. ఐరోపాలో 2006 జూలై 1 నుంచి సీసం మీద ఆంక్షలు రావడంతో ఫ్యాక్టరీలు చాలావరకు అటే మారాయి. పాత జాయింట్ కరగకుండా మొండికేస్తే మీ 63/37 కాస్త కలిపి, ఫ్లక్స్ చుక్క వేసి మళ్ళీ కరిగించండి, రెండూ కలిశాక సులువుగా వస్తుంది. విడిగా ఫ్లక్స్ నిజంగా పనికొచ్చే మొదటి చోటు ఇదే. రెండోది డీసోల్డర్ విక్, అంటే పాత లెడ్‌ను పీల్చే రాగి జడ. పాతబడిన విక్ లెడ్‌ను పీల్చకపోతే పారేయకండి, రోజిన్ ద్రవం ఒక చుక్క వేసి చూడండి. మూడోది ఐసీ కాళ్ళ మధ్య లెడ్ అంటుకుని షార్ట్ అయినప్పుడు.

ఇక కలుపుకునే విధానం. కాంపొనెంట్లు అమ్మే షాపులో రోజిన్ అంటే ఇస్తారు, చిన్న డబ్బాలో పోతపోసి గాని, విడి గడ్డలుగా గాని. హైదరాబాద్ వైపు వెళ్ళే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇది కొత్తిమీర కట్ట కొన్నట్టు దొరుకుతుంది. మీ ఊళ్ళో పూజా సామాన్ల కొట్లో అడిగితే మాత్రం గుగ్గిలం చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. గుగ్గిలం, సాంబ్రాణి, రోజిన్ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ వేరు వేరు చెట్ల జిగుళ్ళు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, జాయింట్ మాత్రం పట్టదు. సంగీత వాయిద్యాల షాపులో వయొలిన్ రోజిన్ ఉంటుంది, ఆపదలో పనిచేస్తుంది గాని ధర ఎక్కువ, అందులో ఇంకేమి కలుపుతారో తెలియదు.

రోజిన్ గడ్డను పాత గుడ్డలో చుట్టి రోకలితో కొట్టి పొడి చేయండి. 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు 25 గ్రాములు. 99 శాతం అని రాసి ఉన్నది కొనండి. గాజు సీసాలో రెండూ వేసి మూత బిగించి ఊపి, ఒక రాత్రి అలా వదిలేయండి. మర్నాటికి పల్చటి తేనె రంగుకు వస్తుంది. అడుగున ఇసుక, పుల్లలు ఉంటే పల్చటి నూలు గుడ్డలో వడకట్టండి. త్వరగా కరగాలని స్టవ్ మీద మాత్రం పెట్టకండి. ఈ ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, మన ఊళ్ళలో శీతాకాలం కూడా దానికి ఎండాకాలమే. ఖాళీ అయిన నెయిల్ పాలిష్ సీసాను ఆల్కహాల్‌తో బాగా కడిగి ఇది పోసుకుంటే మూతకే బ్రష్ ఉంటుంది. నేను ఇప్పటికీ అలాంటిదే వాడుతున్నాను, మా అమ్మాయి ఇచ్చింది, మూత గులాబీ రంగు. షాపుకు వచ్చినవాళ్ళంతా ఒకసారి చూసి నవ్వుతారు.

అదే ద్రవాన్ని కొంచెం వేరే సీసాలో పోసి, గాలి ఆడే చోట, మంటకు దూరంగా మూత తీసి ఉంచితే ఆల్కహాల్ ఎగిరిపోయి పాకంలా చిక్కబడుతుంది. సిరంజిలో ఎక్కించి సూది తొడుగు పెట్టుకుంటే అదే పేదవాడి జెల్ ఫ్లక్స్. చిన్న ఎస్ఎండీ (బోర్డు పైనే అతికే) రెసిస్టర్లను కదలకుండా పట్టి ఉంచడానికి బాగుంటుంది. గట్టిపడితే రెండు చుక్కలు ఆల్కహాల్ వేయండి.

వీడియోల్లో రకరకాల చిట్కాలు చెబుతుంటారు. జెల్‌లా రావాలని గ్లిజరిన్ కలపమంటారు. వద్దు. గ్లిజరిన్ గాలిలో తేమను లాక్కుని ఎప్పటికీ ఆరదు, రోజిన్‌లో ఉన్న గొప్పతనమే పోతుంది. ఆల్కహాల్ బదులు శానిటైజర్ వాడమంటారు, అందులోనూ నీళ్ళు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటాయి. ఆస్పిరిన్ మాత్ర మీద ఐరన్ పెట్టమంటారు. నిజంగానే లెడ్ పడుతుంది, ఆ ఘాటుకు కళ్ళలో నీళ్ళు కూడా వస్తాయి, మిగిలేది మళ్ళీ ఆమ్లమే. నిమ్మ ఉప్పు కూడా అంతే.

సిరంజిల గురించి. ఫోన్ బోర్డులు, దగ్గర దగ్గర కాళ్ళున్న ఐసీలు, కింద బంతులుండే బీజీఏ చిప్పులు హాట్ ఎయిర్‌తో పెట్టే పని మొదలుపెట్టాక జెల్ ఫ్లక్స్ అవసరమే. పల్చటి ద్రవం ఆ వేడికి క్షణంలో ఎగిరిపోతుంది, జెల్ నిలబడుతుంది. కానీ ఇక్కడ పెద్ద సమస్య నకిలీలు. ఆమ్‌టెక్ ఎన్‌సీ-559 పేరుతో దొరికే సిరంజిల్లో నకిలీలు లెక్కలేనన్ని. అసలు ధరలో పదోవంతుకు ఇస్తున్నారంటే లోపలిదానికీ లేబుల్‌కూ సంబంధం ఉండదని అనుకుని కొనండి. కొన్ని నకిలీలు పని బాగానే చేస్తాయి, అది నేను కాదనను. కానీ నో క్లీన్ (కడగక్కర్లేదు) అని రాసి ఉంది కదా అని వదిలేయడానికి వీల్లేదు, ప్రతిసారీ కడగాల్సిందే. ఊరూ పేరూ లేని జెల్ కంటే తనకంటూ డేటా షీట్ (సరుకు వివరాల పత్రం) ఉన్న చిన్న కంపెనీ సరుకు మేలు.

డేటా షీట్‌లో వెతకాల్సింది ఒక్కటే ముక్క, ఆర్ఓఎల్0 (ROL0) లాంటి కోడ్. మొదటి రెండు అక్షరాలు దేనితో చేశారో చెబుతాయి: ఆర్ఓ అంటే రోజిన్, ఆర్ఈ అంటే కృత్రిమ రెసిన్, ఓఆర్ అంటే ఇతర సేంద్రియ ఆమ్లాలు, ఐఎన్ అంటే నవాసారం బాపతు. మూడో అక్షరం ఎంత ఘాటో చెబుతుంది, ఎల్ తక్కువ, ఎం మధ్యస్థం, హెచ్ ఎక్కువ. చివరి అంకె 0 అయితే క్లోరైడ్ లాంటి హాలైడ్లు దాదాపు లేవు, 1 అయితే ఉన్నాయి. మీకు ఆర్ఓఎల్0 గాని ఆర్ఈఎల్0 గాని సరిపోతుంది. పాత డబ్బాల మీద ఆర్, ఆర్ఎంఏ, ఆర్ఏ అని ఉంటే ఇదే సంగతి పాత భాషలో: ఒట్టి రోజిన్, కొద్దిగా ఘాటు కలిపిన రోజిన్, బాగా ఘాటు కలిపిన రోజిన్. మీరు ఇంట్లో కలిపేది మొదటి రకం. ఓఆర్, హెచ్ కనిపించే నీళ్ళతో కడిగే ఫ్లక్స్‌లు ఫ్యాక్టరీ వాళ్ళకు వదిలేయండి. లెడ్ అద్భుతంగా పారుతుంది, కానీ అదే రోజు బోర్డు మొత్తం నీళ్ళతో కడగాలి. రిలేలు, స్విచ్చులు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత బోర్డును నీళ్ళలో ముంచడం మనవల్ల అయ్యే పని కాదు.

నో క్లీన్ అన్న మాట కూడా షరతులతో కూడినదే. ఆ ఫ్లక్స్‌లోని ఘాటు పదార్థం సరిగ్గా వేడెక్కితేనే అది నిరపాయంగా మారుతుంది. మనం ఏం చేస్తాం? బోర్డు మీద వేలెడు పూసి, మధ్యలో ఒక్క కాలు అతికి, మిగతాది పచ్చిగానే వదిలేస్తాం. ఆ పచ్చిగా మిగిలిందే తర్వాత లీకేజీ తెస్తుంది. సగం సగం తుడవడం అంతకంటే చెడ్డ పని. ఆల్కహాల్‌లో తడిపిన దూదితో రెండుసార్లు రుద్దితే రోజిన్ కరిగి, పల్చగా బోర్డంతా పరుచుకుని, ఆరాక తెల్లటి పొరవుతుంది. వదిలితే పూర్తిగా వదిలేయండి, కడిగితే పూర్తిగా కడగండి. పాత టూత్‌బ్రష్, ధారాళంగా ఆల్కహాల్. బోర్డును ఏటవాలుగా పట్టి రుద్ది, కిందికి జారిన మురికి ద్రవాన్ని గుడ్డ మీదకు దించాలి. కరిగిన ఫ్లక్స్ బోర్డు దిగి వెళ్ళిపోవాలి, చోటు మారడం కాదు. కరెంటు తీసి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, కడిగాక పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. పెట్రోలు, థిన్నరు వద్దు, కనెక్టర్ల ప్లాస్టిక్ కరిగిపోతుంది.

రోజిన్ ఒట్టిదైతే కడగకపోయినా నడుస్తుందన్నాను కదా, రెండు చోట్ల మాత్రం నేను కడుగుతాను. ఒకటి, ఆంప్లిఫయర్ మొదటి స్టేజి, మైక్ ఇన్‌పుట్ లాంటి చోట్లు, అక్కడ మెగా ఓముల లీకేజీ కూడా వినిపిస్తుంది. రెండోది మీరు చేసే ఛార్జర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లలో 230 వోల్టుల వైపు. పల్చటి రోజిన్ కొన్నాళ్ళు జిగటగానే ఉంటుంది, దానికి దుమ్ము, దుమ్ముకు తేమ పట్టుకుంటాయి.

రోజిన్‌తో అన్నీ పట్టవు, అది కూడా తెలిసి ఉండాలి. టార్చి స్ప్రింగులు, ఇనుప ట్యాగులు, బాగా తుప్పు పట్టిన కాళ్ళు మొండికేస్తాయి. అప్పుడు మీ పసుపు డబ్బాకు ఒక పని ఉంది. ఆ భాగాన్ని బోర్డు నుంచి విడదీసి, దూరంగా పెట్టి, పేస్ట్ రాసి పల్చగా లెడ్ పూత పూయండి. తర్వాత సబ్బు నీళ్ళతో రుద్ది కడిగి, ఆరబెట్టి, బోర్డు దగ్గరికి తెచ్చి మామూలు రోజిన్‌తో అతకండి. అల్యూమినియానికి ఇవేవీ పనిచేయవు. చవక స్పీకర్ వైర్లు కొన్ని లోపల అల్యూమినియం, పైన రాగి పూతతో వస్తాయి. లెడ్ పట్టడం లేదని బ్లేడుతో గట్టిగా గీకితే ఉన్న రాగి కూడా పోయి అల్యూమినియం బయటపడుతుంది, ఇక జన్మలో పట్టదు. గీకిన చోట తెల్లగా మెరిస్తే ఆ వైరు మార్చేయండి.

బిట్ వేడి సంగతి ఒక ముక్క. కంట్రోల్ లేని ఐరన్ ఖాళీగా ఉంటే బిట్ చాలా వేడెక్కిపోతుంది, రోజిన్ తగలగానే నల్లగా మాడుతుంది. మాడిన రోజిన్ ఫ్లక్స్ కాదు, మసి. జాయింట్ వేసే ముందు తడి స్పాంజి మీద ఒకసారి తుడవండి. పని లేనప్పుడు స్విచ్ ఆపేయండి. ఆ పొగ కూడా మంచిది కాదు. పొగలో ఉండేది సీసం కాదు, ఐరన్ వేడికి సీసం ఆవిరి కాదు. ఉండేది రోజిన్ పొగ. రోజూ పీల్చేవాళ్ళకు ఆస్తమా తెస్తుందని తేలిన విషయమే. చిన్న కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పొగను మీ మొహం నుంచి అవతలికి లాగేలా పెట్టుకోండి. సీసం చేతికి అంటుతుంది, కాబట్టి బజ్జీల పొట్లం విప్పే ముందు సబ్బుతో చేతులు కడగండి.

చివరగా వెనక్కి వచ్చిన ఆ రెండు బల్బులు. పారేయకండి. ఆ పచ్చదనం ఆల్కహాల్ ఒక్కదానితో పూర్తిగా పోదు. ఆల్కహాల్ జిడ్డును కొంత తీస్తుంది, నవాసారం లాంటి లవణాలకు నీళ్ళే కావాలి. డ్రైవర్ బోర్డును బల్బు నుంచి బయటికి తీసి, ముందు ఆల్కహాల్, బ్రష్‌తో జిడ్డు తీయండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో అంట్ల సబ్బు చుక్క వేసి అదే బ్రష్‌తో రుద్దండి. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, మళ్ళీ ఒకసారి ఆల్కహాల్ పోసి, ఫ్యాన్ కింద ఒక రోజంతా ఆరనివ్వండి. అప్పుడు ట్రాక్‌లను మల్టీమీటర్ కంటిన్యూటీలో ఒక్కొక్కటీ చూసుకుంటూ రండి. తెగిన చోట రెండు వైపులా పచ్చ పూత కాస్త గీకి, రోజిన్ చుక్క వేసి, పాత రెసిస్టర్ కాలు ముక్క ఒకటి కత్తిరించి వంతెనలా అతికేయండి.